హన్మమ్మ తుంటి ఏకగ్రీవం

"హన్మమ్మ తుంటి ఎముక ఊరందరి ఎముక! అది అతికేదాంక ఈ శంకరయ్య కంటి మీద కునుకెయ్యడు!" అని మాజీ సర్పంచ్ శంకరయ్య గారు పంచాయతీ మైకులో ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పాన్‌గల్ మండలంలోని మా ఊరి వార్తలు పేపరుకు పంపేది నేనే కాబట్టి ఉండక తప్పదు. మైకుల్లో రోడ్ల గురించి విన్నాను, పింఛన్ల గురించి విన్నాను. ఒక ముసలమ్మ ఎముక గురించి ఇంత గట్టిగా మాట్లాడిన నాయకుణ్ని మాత్రం ఇదే చూడటం. అందుకే ఆయన మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

జరిగింది ఇదీ. కౌలు రైతు రాజన్న తల్లి హన్మమ్మ పొద్దున్నే బిందెతో పోతూ సీసీ రోడ్డు మీద జారి పడింది. 108లో వనపర్తి తీసుకుపోతే ఎక్స్‌రే తీసి, తుంటి విరిగింది, హైదరాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. వనపర్తి డాక్టరు రాజన్నను పక్కకు పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడట. "ఆలస్యం చేయొద్దు. ఈ వయసుల మంచాన పడితే ఊపిరితిత్తులకు నిమ్ము వస్తది. తొందరగా ఆపరేషన్ చేసి లేపి నిలబెడితేనే మనిషి దక్కుతది."

రాజన్న తల్లిని ఇంటికి తెచ్చి నులకమంచం మీద పడుకోబెట్టి, గడపలో కూలబడ్డాడు.

"ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద అయితది కదా?" అని అడిగాను.

"అయితదన్నా. కారు కిరాయి కార్డు మీద అయితదా? రక్తం, బయటి మందులు, ఆడ మేమిద్దరం తినుడు, ఉండుడు? వచ్చినంక మా చిన్నమ్మ కూలికి పోకుంట అవ్వ కాడనే కూసోవాలె. పల్లి చేనుకు నేను నీళ్లు పెట్టకుంటె ఎవడు పెడ్తడు? గవన్ని ఏ కార్డు మీద వస్తయో జర పేపర్ల రాయరాదు?"

చిన్నమ్మ అతని భార్య. లోపల అత్తకు గంజి తాగిస్తూ, కళ్లు తుడుచుకుంటోంది.

ఇంత మామూలు ఇంటికి ఒక గొప్ప అదృష్టం పట్టింది. సరిగ్గా అప్పుడే సర్పంచ్ ఎన్నికలకు నామినేషన్లు పడ్డాయి. పోయినసారి శంకరయ్య గారు గెలిచింది మూడు ఓట్ల తేడాతో. రాజన్న ఇంట్లో, తమ్ముడి సంసారంతో కలిపి, ఏడు ఓట్లున్నాయి.

మైకు ప్రకటన అయిన పూటే శంకరయ్య గారి ప్రత్యర్థి, బోర్ల బండి ఓనర్ భాస్కర్, ఆపిల్ పండ్ల సంచితో దిగాడు. శంకరయ్య గారు కూడా పరుగున వచ్చారు. మంచానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు.

"ఖర్సంత నాది" అన్నారు శంకరయ్య గారు.

"నేనైతే ప్రైవేటు దవాఖాన. ఏసీ రూము" అన్నాడు భాస్కర్.

"నడక నేర్పేటందుకు ఫిజియోథెరపీ మనిషిని ఇంటికే తోలిస్త."

"నేను ఇద్దర్ని తోలిస్త. కాలుకు ఒకరు!"

"ఇరిగింది ఒక్కటే కాలు బిడ్డా" అంది హన్మమ్మ మంచంలోంచి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, వినలేదు.

అవ్వను ఎవరి కారులో తీసుకుపోవాలన్న దగ్గర చిక్కు వచ్చింది. ఒకరి కారెక్కితే ఓట్లూ ఆ కారే ఎక్కుతాయని రెండోవారి భయం. వ్యవహారం పంచాయతీ ఆఫీసుకు చేరింది. అక్కడ నేను విన్న వాదనలు ఏ అసెంబ్లీకీ తీసిపోవు.

"అవ్వ పడ్డది నేను ఏయించిన రోడ్డు మీద" అన్నారు శంకరయ్య గారు. "మట్టి బాట ఉంటె పడునా? జారేటంత నున్నగ ఏయించింది ఎవరు? నేను! గందుకే గా కాలు నా జిమ్మేదారి."

"పొడి రోడ్డు మీద ఎవరన్న జారుతరా పెదనాయనా?" అని లేచాడు భాస్కర్. "గా రోడ్డు మీద పారింది నా బోరు నీళ్లు. ఊరికి ఉత్తగనే ఇడుస్తున్న. నా నీళ్లు లేకుంటె అవ్వ పడేదే గాదు!"

పెద్దమనుషులు చాలాసేపు గడ్డాలు గోక్కున్నారు. అవ్వ పడటంలో ఇద్దరి కృషీ సమానమే అని ఒప్పుకున్నారు గానీ, కారు సంగతి మర్నాటికి వాయిదా వేశారు. మర్నాడు మళ్లీ మర్నాటికి. మధ్యలో ఒకసారి చిన్నమ్మ ఆఫీసు గుమ్మం దాకా వచ్చింది.

"మా అత్తకు దగ్గు వట్టింది. మీకు దండం వెడ్త, జర జల్ది తేల్చుండ్రి."

"నీ కోసమే కదమ్మా ఇంత పరేషాన్ అయితున్నం" అన్నారు పెద్దమనుషులు.

చివరికి నామినేషన్ల ఉపసంహరణ రోజున తీర్పు వచ్చింది. కారు భాస్కర్‌ది, డీజిల్ శంకరయ్య గారిది. పరుపు ఈయనది, దిండు ఆయనది. కొబ్బరికాయ ఇద్దరూ కలిసి కొట్టారు. వెనక సీటు మడిచి అవ్వను పడుకోబెట్టి, బానెట్ మీద పూలదండ వేసి, ఫోటోలు దిగి, జెండా ఊపేసరికి మధ్యాహ్నం దాటింది. రాజన్న, చిన్నమ్మ వెనక అవ్వ పక్కన ఇరుక్కున్నారు. ఇలాంటి వార్త మళ్లీ దొరకదని నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. బండి నడిపేది భాస్కర్ బామ్మర్ది రంజిత్.

కొత్తకోట దగ్గర హైవే ఎక్కబోతుంటే రంజిత్‌కు ఫోను వచ్చింది. బండి పక్కకు ఆపాడు.

"ఆఁ బావా... అట్లనా! మస్తు మంచిగాయె!"

ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"మనూరు ఏకగ్రీవమైందన్నా! మా బావ నామినేషన్ ఎనుకకు తీసుకున్నడు. సగం కాలం శంకరయ్య పెదనాయన సర్పంచి, సగం కాలం మా బావ. ఓట్లే లేవింగ!"

"మంచిదే" అన్నాడు రాజన్న. "ఇంగ పోనీయ్."

"యాడికి?"

"హైదరాబాదుకు."

"ఇంగెందుకన్నా?" రంజిత్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

రాజన్న భాస్కర్‌కు ఫోన్ చేశాడు. స్విచాఫ్. శంకరయ్య గారు ఎత్తారు. వెనక డప్పుల మోత. "రాజన్నా, ఊళ్లె ఇంత పండుగ ఉంటె మీ అవ్వ లేకుంటె ఎట్లరా? తోల్కరా. దవాఖాన సంగతి తర్వాత సూద్దాం. జల్ది రా, ర్యాలీకి కారు తక్కువవడ్డది."

రాజన్న దిగి బండికి అడ్డం నిలబడ్డాడు. "నీ కాళ్లు మొక్కుత రంజిత్. అవ్వ సచ్చిపోతదిరా!"

"నన్నేం జేయమంటవన్నా? కారు మా బావది, డీజిల్ పెదనాయనది. ఇద్దరొక్కటైన్రు. ఎక్కుతవా, ఈడనే దిగుతరా?"

హైవే మీద లారీలు దూసుకుపోతున్నాయి. తల్లిని అక్కడ ఎక్కడ దించాలో రాజన్నకు తోచలేదు. ఎక్కి కూర్చున్నాడు. తిరుగు దారి పొడుగునా చిన్నమ్మ ఇద్దరు నాయకుల గురించీ మాట్లాడింది. "వాళ్ల నోట్లె మన్ను వడ" అన్నది అందులో అచ్చువేయదగిన భాగం.

ఊరి మొదట్లోనే పటాకులతో మాకు స్వాగతం లభించింది. కారును ర్యాలీకి ముందు నిలిపారు. శంకరయ్య గారూ భాస్కరూ ఒకే దండలో తలలు దూర్చి ఉన్నారు. శంకరయ్య గారు కారు మెట్టు మీద నిలబడి మాట్లాడారు.

"ఇరవై ఏండ్ల సంది ఈ ఊరు రెండు ముక్కలుండె. ఈ తల్లి తన తుంటి ఇరగ్గొట్టుకోని మనల్ని ఒక్కటి జేసింది! ఆమె దవాఖాన లెక్క ఏసి సూసినంకనే మా ఇద్దరికి తెలివొచ్చింది, పోటీ జేసుడు ఎంత దుబారనో. గా పైసలల్ల ఊరి ముంగట పెద్ద దర్వాజ లెక్క కమాన్ కట్టిస్తం. తుంటికి వెడ్తె ఒక్క ఇల్లు మురుస్తది, కమాన్ కడ్తె ఊరంత మురుస్తది!"

చప్పట్లు మోగాయి. కిటికీలోంచి చేతులు పెట్టి ఇద్దరూ అవ్వకు శాలువా కప్పారు. అవ్వ దగ్గింది. నేను ఫోటో తీశాను. బాగా వచ్చింది.

ర్యాలీ ముగిశాక కారు రాజన్న ఇంటి ముందు ఆగింది. రాజన్న మంచం వేయడానికి లోపలికి పోయాడు. అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"పేపరు బిడ్డా, మల్ల ఓట్లు ఎప్పుడొస్తయి?"

"ఐదేండ్లకు, అవ్వా."

ఆమె కోడలి వైపు తిరిగింది.

"చిన్నమ్మా, జర మెల్లగ దించుమను. ఈ ఇరిగిన కాలు గప్పటిదాంక పైలంగ దాసుకోవాలె."