లైనింగులో త్రికోణాలు

మిసావొకు అన్నిటికన్నా పెద్ద భయం, తన కొత్త పట్టు అత్తగారి కంటపడి పాపాయికి పొత్తిగుడ్డలైపోతుందని.

ఉత్తి భయం కాదు. కిందటేడు కొన్న గళ్ళ పట్టుకి అదే గతి పట్టింది. కళ్ళు చెదిరే బట్ట ఇల్లాలికెందుకు, పసిదానికైతే మెత్తగా ఉంటుందన్నారు అత్తగారు రికు. చేతిరుమాలుకైనా గంజి పెట్టనిదే ముట్టని ఆవిడని ఇసెసాకి ఊళ్ళో నేతవీధి వీధంతా చాటుగా గంజి దొరసాని అంటుంది.

ఈసారి మగ్గాల షెడ్డులో పనిచేసే మొగుడు తొకుజో తెచ్చింది మామూలు బట్టా? నల్లటి పట్టు మీద ఎర్ర త్రికోణాలు, వాటిని అడ్డంగా కోసుకుపోతూ తెల్ల గీతలు. అందరి కిమోనోల మీదా ఉండే పువ్వు లేదు, కొంగ లేదు. మిసావొ మనసు పారేసుకుంది.

బాగా ఆలోచించి, దాన్ని తన బూడిదరంగు కిమోనోకి లైనింగుగా కుట్టేసింది. పైకి పిచ్చుక, లోపల పిడుగు.

అంచు తిరగబడకుండా ఆమె నడిచే నడక చూసి, కాల్లో ముల్లు దిగిందా అని వీధివాళ్ళు పరామర్శించారు.

"నీ నడకే నిన్ను పట్టిస్తుంది" అన్నాడు తొకుజో.

"మీ మొహంకన్నా నయమే. మీ అమ్మ కనబడితే చాలు, అడక్కుండానే ఒప్పేసుకునేలా ఉంటుంది."

పాపతో పుట్టింటికి వెళ్తూ కిమోనోని పెట్టె అడుగున దాచింది. కోడలు వచ్చేలోగా బట్టలు ఉతికిపెడదామని అత్తగారికి దయ పుట్టింది. కిమోనో ఉతకడమంటే కుట్లన్నీ విప్పి, ముక్కలుగా విడదీసి, గంజిపెట్టి చెక్క పలకల మీద పరిచి ఆరబెట్టడమే. మిసావొకు బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసిన పనే. దాచేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

తిరిగొచ్చేసరికి ఇంటిగోడ పొడుగునా పలకలు, పలకల నిండా త్రికోణాలు, ఎదురుగా సగం వీధి.

"పొత్తిగుడ్డలకేనా అత్తయ్యగారూ?" అంది మిసావొ.

"ఇవి చుడితే పసిదానికి కళ్ళు తిరగవూ?"

మిసావొకు ప్రాణం లేచొచ్చింది.

"నీకు బూడిదరంగే ఇష్టమనుకుంటానమ్మాయ్, దాన్నేగా పైకి వేసుకున్నావు. అది నీకే కుడతాలే. ఈ త్రికోణాలు నా కొలతకి కుట్టుకుంటా. ముసలిదాన్ని, నన్నెవరు చూస్తారు?"

మిసావొ మొగుడి వంక చూసింది. అతను శ్రద్ధగా మబ్బులు చూస్తున్నాడు.

కుట్టు పూర్తయిన మధ్యాహ్నమే ఆవిడ అది కట్టుకుని సినిమాకి బయల్దేరారు. ఎవరైనా చూడకుండా పోతారేమోనని కాబోలు, వీధి ఈ చివరినుంచి ఆ చివరికి ఒకసారి తిరిగి మరీ వెళ్ళారు. పొద్దు వాలింది, ఇంకా రాలేదు. మిసావొ పాపని చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

సినిమా హాలు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా, ఎర్ర త్రికోణాల పెద్దావిడ కనబడితే క్షేమంగా ఉన్నారో లేదో ఒక్కసారి చూడండి. పట్టు మీద హాలు పక్క కొట్లో తిన్న నూడుల్స్ పులుసు ఒలికిందేమో కూడా చూడండి. మిసావొ అడిగిందని మాత్రం చెప్పకండి.