తాళం ముందా, గొంతులు ముందా

ఒక పెద్ద అడవిలో పాడేవాళ్లు ఎక్కువ, పాడించేవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ రెండో రకంలో కొత్తగా చేరినవాడు గింజయ్య అనే కుర్ర ఉడుత. తొలకరి ఉత్సవానికి అడవికంటూ ఒక పాట ఉండాలని, ఎవరూ అడక్కముందే సభకు వెళ్లి ఆ పని నెత్తికెత్తుకుని వచ్చాడు.

పాటకు ప్రాణం కోయిల మామ.

"మామిళ్లు కాపు మీద ఉన్నంతవరకేరా అల్లుడూ నా గొంతు. చినుకు పడిందంటే నేను మూగవాణ్ణే. రేపు రమ్మంటే రేపే వస్తా," అన్నాడు.

గింజయ్య వేళ్ల మీద లెక్కేశాడు. తొలకరికి ముప్ఫై నాలుగు రోజులుంది. పాడించడానికి ఒక్క రోజు చాలు. అంటే పాటను తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి ముప్ఫై మూడు రోజులు. ఇంత వెసులుబాటు పెట్టుకుని తొందరపడటం తెలివితక్కువ అనుకున్నాడు.

తొర్రలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దృష్టిలో ఉన్న సాఫ్ట్‌వేర్లు రెండు. ఒకటి నాలుగు దెబ్బల డ్రమ్ముల ముక్కను లూపు చేసి ఎంతసేపైనా తిప్పుతుంది. రెండోది ఒక్కో గొంతునూ ఒక్కో ట్రాకులో రికార్డు చేసి అన్నిటినీ కలుపుతుంది. నలభై రెండు అంశాలతో పట్టిక గీశాడు. ఇరవై రోజులు పోయాక చూస్తే రెండింటికీ ఎనభై మూడున్నర మార్కులే. బటన్ల రంగును నలభై మూడో అంశంగా చేర్చాడు. మళ్లీ సమానం.

ఈలోగా కోయిల మామ రెండుసార్లు వచ్చి, గుమ్మంలో గొంతు సవరించుకుని వెళ్లిపోయాడు. గింజయ్య అప్పుడు దశాంశాలు సరిచూస్తున్నాడు.

చివరికి సభకు ఉత్తరం రాశాడు: "తొర్రకు ముందుగా కావలసింది తాళమా, గొంతులా? త్వరగా తేల్చగలరు."

సభలో దీని మీద మూడు రోజులు చర్చ జరిగింది. అధ్యక్షుడు ఏనుగు గారు, తొర్రలో అంత ఖరీదైన కంప్యూటరు ఉండగా ఇందులో అడగడానికేముందని విసుక్కున్నారు. తాళమే ముందని ఏకగ్రీవంగా తీర్మానమైంది. మర్నాడు పనసకాయంత ఇనుప తాళం తొర్ర తలుపుకు వేలాడింది. దాని తాళంచెవి ఎలుగుబంటి దగ్గర ఉంది. ఎలుగుబంటి తేనెకు కొండ అవతలికి పోయింది.

"నేనడిగింది వాయించే తాళమండీ," అన్నాడు గింజయ్య.

"తాళమన్నావు, తాళం వేశాం. ఏ తాళమో నీ పట్టికలో రాసుకోవలసింది," అన్నారు ఏనుగు గారు.

ఎలుగుబంటి తొమ్మిది రోజులకు తిరిగొచ్చింది. తలుపు తెరిచే వేళకు వాన మొదలైంది. గింజయ్య తడుస్తూ మామిడితోపుకు పరుగెత్తాడు. కోయిల మామ నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. రెక్కతో ఉడుత వీపు ఒకసారి నిమిరి ఆకుల్లోకి తప్పుకున్నాడు.

గొంతు లేదు గనక లూపుల సాఫ్ట్‌వేర్ పోటీ లేకుండా గెలిచింది. ఉత్సవంలో ఆ నాలుగు దెబ్బలే అరగంట మోగాయి. పాట ఎప్పుడు మొదలవుతుందని కుందేళ్లు ఒకదాన్నొకటి అడుగుతూనే ఉన్నాయి.

మర్నాడు సభ సంజాయిషీ అడిగింది. గింజయ్య పట్టిక విప్పాడు. ఏనుగు గారు నలభై మూడు అంశాలూ తొండంతో తడిమి చూసి, ఇంత పద్ధతిగా చెడగొట్టిన పని ఈ అడవిలో ఇంతవరకు జరగలేదని మెచ్చుకుని, అతన్ని సంగీత శాఖకు సలహాదారుగా వేశారు. గింజయ్య సిగ్గుపడ్డాడు. కాదనలేదు.

నీతి: పాట ఉన్నవాడికి చప్పట్లే దక్కుతాయి, పట్టిక ఉన్నవాడికి పదవి దక్కుతుంది.