పియానోకే పడిన పువ్వు

ఆ శనివారం ఉదయం దశరథరామయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పూజ ముగించి, బెజవాడ బస్సెక్కి, భార్య శ్యామలాదేవి భజన బృందానికి ఒక వాయిద్యం కొనుక్కురావాలి. జగ్గయ్యపేటలో ఆయనది పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఇంట్లో ఉన్న హార్మోనియాన్ని ఎలుకలు కొరికేశాయి. ఏకాదశికి నందిగామ గుళ్లో పాడమని శ్యామలాదేవికి పిలుపు వచ్చింది. ఊరు దాటి పాడటం ఆమెకు అదే మొదలు. వాయిద్యం తోడు లేకపోతే తన గొంతు ఎటు పోతుందోనని ఆమెకు ఒకటే బెంగ.

"కీబోర్డే తెండి. సంచిలో పెట్టుకుని పోవచ్చు. బ్యాటరీలతో కూడా పలుకుతుందట," అంది.

"డిజిటల్ పియానో చూశావా, మీట నొక్కితే ఎంత బరువుగా ఉందో! దేవుడి పనికి తేలిక సరుకేంటి?"

"దానికి కరెంటు ఉండాలి కదండీ."

"గుళ్లో కరెంటు ఉండదా?"

తేలక, స్వామినే అడుగుదామనుకున్నారు. పటం మీద పువ్వు పెట్టారు. కుడివైపు పడితే పియానో, ఎడమవైపు పడితే కీబోర్డు. ఇద్దరూ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుండగా, భజనలో తాళం వేసే పక్కింటి పున్నమ్మ లోపలికి వచ్చింది. "అబ్బ, ఏం ఉక్క వదినా!" అంటూ ఫ్యాను వేసింది. పువ్వు కుడివైపు ఎగిరి కాఫీ గ్లాసులో పడింది.

"ఫ్యాను వేసింది పున్నమ్మండీ!" అంది శ్యామలాదేవి.

"పున్నమ్మ చేత వేయించిందెవరు?"

ఆమె కాఫీలోంచి పువ్వును బయటికి తీసింది.

పియానో వచ్చింది. నలుగురు మోస్తే గాని గుమ్మం దాటలేదు. దానికి చోటివ్వడానికి సోఫా వరండాలోకి పోయింది. పున్నమ్మ మీటలు నొక్కి చూసి, "దీన్ని వాయించడం కన్నా పిండి దంచడం నయం వదినా," అంది.

ఏకాదశి రోజు శ్యామలాదేవి పద్ధతి ప్రకారం దానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, పూలదండ వేసింది. కొత్త వస్తువు గుమ్మం దాటుతుంటే ఆ మాత్రం చేయకుండా ఎలా? పప్పు బస్తాల ఆటో ట్రాలీలో దాన్ని నందిగామ చేర్చారు.

గుడి కమిటీ పెద్ద పసుపూ, కుంకుమా, దండా చూశాడు. అలా ముస్తాబై గుడికి వచ్చే వస్తువేదో ఆయనకు తెలుసు. నేరుగా మైకు అందుకున్నాడు.

"జగ్గయ్యపేట వాస్తవ్యులు దశరథరామయ్యగారు స్వామివారికి పియానో సమర్పించుకున్నారు!"

జనం చప్పట్లు కొట్టారు. అర్చకుడు శాలువా కప్పేశాడు.

"కాదని చెప్పండి," అని గొణిగింది శ్యామలాదేవి.

"స్వామి ఎదురుగా ఇచ్చింది వెనక్కి తీసుకోమంటావా?"

"మనం ఎప్పుడిచ్చామండీ?"

అదీ ఆయన ఆలోచించదగ్గ మాటే. కానీ శాలువా అప్పటికే భుజం మీద ఉంది.

ఇక చేసేదేమీ లేక ఆమె పియానో ముందు కూర్చుని, కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో గొంతు వణికింది, రెండో చరణానికి కుదుటపడింది. మూడు పాటలు పాడి కళ్లు తెరిచేసరికి గుళ్లో దీపాల వెలుగు తప్ప మరో వెలుగు లేదు.

"కరెంటు ఎప్పుడు పోయింది?" అని అడిగింది.

"మొదటి పాటలోనే వదినా," అంది పున్నమ్మ. "ఆ తరవాత నువ్వు ఉత్త చెక్కనే నొక్కుతున్నావు. ఒక్క చోట కూడా శ్రుతి తప్పలేదు తల్లీ!"

ఆ ముక్కకు శ్యామలాదేవి కళ్లు చెమర్చాయి. వచ్చే ఏకాదశికి కూడా ఆమే పాడాలని కమిటీవారు అక్కడికక్కడే తాంబూలం ఇచ్చారు.

బస్టాండులో దశరథరామయ్య మెల్లగా అడిగాడు. "మరి ఈసారికి కీబోర్డు కొందామా?"

"ఎందుకండీ? నాకిక ఏదీ అక్కర్లేదు."

బస్సు కదలబోతుండగా కమిటీ పెద్ద పరుగున వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"రామయ్యగారూ, చూశారుగా మా ఊరి కరెంటు! పియానో ఎలాగూ మీరిచ్చిందే కదా, ఆ ఇన్వర్టరు కూడా మీ చేతుల మీదుగానే అయితే..."

మరుసటి ఏకాదశికి శ్యామలాదేవి, పున్నమ్మ ఇద్దరే నందిగామ వెళ్లారు.