ఆరో డబ్బాతో మొదలైన సినిమా

ఆ జూన్ ఆదివారం పొద్దున యెవ్‌దోకిం వేసుకున్న పథకం చాలా చిన్నది. నది అవతల జగోర్యే ఊళ్లో ప్రొజెక్టర్ నడిపే తైసియా పది గంటలకు సినిమా మొదలుపెడుతుంది. పది ఫిల్ము డబ్బాల్లో మొదటి ఐదూ ఆడగానే వాటిని పడవలో ఇటు పంపుతుంది. పన్నెండింటికి అతను ఇక్కడి క్లబ్బులో మొదలుపెడతాడు. రెండూళ్లకూ ఒకటే సినిమా, మధ్యలో ఒకటే పడవ. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది.

ఈసారి మాత్రం పొరపాటు జరగకూడదు. ప్రొజెక్టర్ పక్కన కూర్చుంటే చాలు, యెవ్‌దోకిం మనసు ఎటో తేలిపోతుంది. కిందటి చలికాలం డబ్బా మార్చడం మరిచిపోయి పావుగంటసేపు తెల్లటి తెర చూపించాడు. మంచు కురుస్తోందనుకుని జనం ఓపిగ్గానే చూశారు గాని, ఎవరో జిల్లాకు రాశారు. అంతకు ముందొకసారి గుర్రాలు తలకిందులుగా పరుగెత్తాయి. మూడో ఫిర్యాదు వస్తే ప్రొజెక్టర్ పట్టుకుపోతామని సాంస్కృతిక శాఖవాళ్లు తేల్చి చెప్పారు. ఆ యంత్రం లేకపోతే అతనికేముంది? అతను చూసిన సముద్రాలూ నగరాలూ అన్నీ ఆ చిన్న వెలుగు కంతలోంచి వచ్చినవే.

ఆ శాఖ నుంచి రిమ్మా కుజ్మీనిచ్నా స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చుంది. తలుపు పక్కన అభిప్రాయాల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిల్ వేలాడుతున్నాయి. సాయంత్రం ఆమె ఆ పుస్తకాన్ని వెంట తీసుకుపోతుంది.

సినిమా వందేళ్లనాటి నాటకం ఆధారంగా తీసినది. బడిలో అందరూ చదివి కళ్లు తుడుచుకున్న నాటకమే. రాసినాయన మాత్రం దాని అట్ట మీద ‘హాస్య నాటకం’ అని వేశాడు. సాహిత్యం చెప్పే అగ్నియా ల్వోవ్నా ముప్పై ఏళ్లుగా అదే మాట చెబుతోంది. ముప్పై ఏళ్లుగా ఒక్కరూ నవ్వలేదు.

పదకొండున్నరైనా నది మీద పొగమంచు పాలమీగడలా పేరుకునే ఉంది. అందులోంచి ముందు తెడ్ల చప్పుడు, తరవాత పడవ నడిపే ప్రోఖోర్ టోపీ, ఆఖరికి పడవ బయటపడ్డాయి. యెవ్‌దోకిం డబ్బాలు దింపుకుని పైదాని మీద అంకె చూశాడు. 

"ప్రోఖోర్ మావా, ఇది ఆరోది! అన్నీ రెండో సగమే!"

"నాకేం తెలుసురా అబ్బాయ్? బయల్దేరే ముందు ఓ నిమిషం కూర్చుంటేనేగా ప్రయాణం క్షేమం. ఓ డబ్బాల గుట్ట మీద నేను, ఇంకో గుట్ట మీద తైసియా కూర్చున్నాం. లేచి నా కిందున్నవి నేను తెచ్చా."

"పావుగంట ప్రయాణానికి కూడా కూర్చోవాలా!"

"మునిగేవాడికి పావుగంటే ఎక్కువ."

"సరే, పరుగున వెళ్లి మొదటి ఐదూ పట్రా!"

ప్రోఖోర్ తల ఊపి, గట్టు మీది మొద్దు మీద నింపాదిగా కూర్చున్నాడు.

"మళ్లీ ఏంటి మావా?"

"ప్రయాణం కదరా."

క్లబ్బులో జనం కాళ్లు నేలకేసి కొడుతున్నారు. కిటికీలకు కట్టిన దుప్పట్ల చిల్లుల్లోంచి ఎండ దూరి తెర మీద చుక్కలు పొడిచినట్టుంది. యెవ్‌దోకిం కళ్లు మూసుకుని ఆరో డబ్బా ఎక్కించాడు.

తెర మీద పెద్ద భవనం, గదినిండా ఏడుస్తున్న మనుషులు. ఎనిమిదో డబ్బాలో పెదనాన్న ప్లాటన్ చనిపోయాడు. పదో డబ్బాలో భవనానికి తాళం వేసి, అందరూ బళ్లెక్కి వెళ్లిపోయారు. ‘సమాప్తం’ అని పడింది. జనం లేచి కండువాలు సర్దుకున్నారు.

"కూర్చోండి, ఇంకా సగం ఉంది!" అని యెవ్‌దోకిం లోపలి నుంచి అరిచాడు.

"సమాప్తం తరవాత సగమేంట్రా?" అంది ఫెవ్రోన్యా మామ్మ. కూర్చుంది మాత్రం అందరికంటే ముందు ఆవిడే.

ఆయాసపడుతూ వచ్చిన ప్రోఖోర్ చేతిలోంచి యెవ్‌దోకిం ఒకటో డబ్బా లాక్కుని ఎక్కించాడు. సినిమా పేరు పడింది. వెళ్లిపోయిన బళ్లు గంటలు మోగించుకుంటూ తిరిగొచ్చాయి. భవనం తలుపులు బార్లా తెరుచుకున్నాయి. వరండాలో పెదనాన్న ప్లాటన్ జామ్ నంజుకుంటూ టీ తాగుతున్నాడు.

"బతికాడర్రా!" అని ఫెవ్రోన్యా మామ్మ శిలువ గుర్తు వేసుకుంది. "ఆ ముసలాణ్ణి మట్టిలో పెట్టి గంటన్నా కాలేదు!"

"జామ్ మహిమ మామ్మా!" అన్నారెవరో వెనక నుంచి.

ఇక నవ్వులు ఆగలేదు. ప్లాటన్ ‘నాకు చావే లేదు’ అన్నప్పుడు బల్లలు కదిలాయి. ఐదో డబ్బా చివర నిశ్చితార్థం, అకార్డియన్, అందరూ చేతులు పట్టుకుని తోటలో నాట్యం. దీపాలు వెలిగేసరికి అగ్నియా ల్వోవ్నా కళ్లు తుడుచుకుంటోంది.

"ముప్పై ఏళ్లు," అంది. "ముప్పై ఏళ్లకి నవ్వారు!"

రెండో సగం కోసం జగోర్యే ఇంకా కాచుకునే ఉండటంతో డబ్బాలన్నీ అవతలికి వెళ్లాయి. ఇక్కడి జనం మాత్రం కదలకుండా పుస్తకం చుట్టూ మూగి, మెచ్చుకోళ్లు రాయడానికి పెన్సిల్ కోసం తోసుకున్నారు. గంటంపావు గడిచాక జగోర్యే జనం మూడు పడవల్లో దిగారు. అందరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి.

"మీ నవ్వులు నది అవతలికి వినబడ్డాయి!" అన్నాడు వాళ్ల వడ్రంగి. "మీకేమో నవ్వే సినిమా, మాకేమో ఏడ్చే సినిమానా? మా ప్లాటన్ చచ్చినవాడు చచ్చినట్టే ఉన్నాడు!"

"మావాడు లేచాడు. మీ ఊరి నీళ్లే అంత," అంది ఫెవ్రోన్యా మామ్మ.

వడ్రంగి పెన్సిల్ లాక్కుని ఫిర్యాదు రాయబోయాడు. మూడో ఫిర్యాదు! యెవ్‌దోకిం ప్రొజెక్టర్ గదిలోంచి బయటికొచ్చాడు. ఆఖరికి నిజం చెప్పి పోదామనుకున్నాడు.

"రిమ్మా కుజ్మీనిచ్నా, ఇందులో ఎవరి తప్పూ లేదు. ముందు రెండో సగం, తరవాత మొదటి సగం వేశాను. అంతా నేనే చేశాను."

ఆమె కళ్లజోడు తీసి అతణ్ణి ఎగాదిగా చూసింది.

"అంటే ఈ వరస మీ ఆలోచనేనా?"

"ఆలోచన ఏం కాదండీ, పొరపాటు..."

"ఇంత వినయం పనికిరాదు," అని పుస్తకం అందుకుంది. వడ్రంగి వైపు తిరిగింది. "మీ ఫిర్యాదు న్యాయమైనదే. అయితే అది రాయాల్సింది మీ ఊరి పుస్తకంలో."

పొగమంచు విడిపోయింది. నది మీద వెలుగు సినిమాలోలాగే వణుకుతోంది. తన యంత్రం తనకు దక్కిందో లేదో అర్థంకాక, యెవ్‌దోకిం ఆ నీళ్లను చూస్తూ చాలాసేపు నిలబడిపోయాడు.

రెండు వారాల తరవాత జిల్లా నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి అతనికి: ప్రశంసాపత్రం, దాంతోపాటు కొత్త ప్రొజెక్టర్. రెండోది తైసియాకు: తీవ్రమైన మందలింపు. సినిమాను మొదటి నుంచి చివరిదాకా వరసగా చూపించినందుకు.