ఆపితే వెలిగిన దీపం

ఏ స్విచ్చుతోనూ నిమిత్తం లేకుండా వేళకు వెలిగి వేళకు ఆరే ప్రత్యక్ష దైవం సూర్యనారాయణమూర్తికి ముందుగా నమస్కరించి, ఆయన కిరణం సోకని ఒకానొక మెట్లదారిలో జరిగిన కథ చెబుతాను.

ఆ యింటి అల్లుడు కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాడు. భార్యతో ఇరుకు అద్దెగదిలో కాపురముంటున్నాడు. అత్తవారింటి పై వాటా ఖాళీగా ఉంది. దానిని ఇచ్చేదీ లేనిదీ ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చి చెబుతానని మామగారు సెలవిచ్చారు. ఆయనకు అల్లుడి చదువుపై గౌరవం మెండు, పనితనంపై నమ్మకం సున్న. "పుస్తకంలో బల్బు వెలిగించడం వేరు, ఇంట్లో వెలిగించడం వేరండీ అల్లుడుగారూ" అని నవ్వుతూనే చురక వేస్తుంటారు.

ఆ మెట్లకు పట్టపగలు కూడా దీపం కావాలి. దానికి కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. రెండూ కిందికి నొక్కి ఉంటేనే దీపం వెలుగుతుంది. ఏ ఒక్కటి పైకెత్తి ఉన్నా వెలగదు. అందుచేత ఎక్కేవారు దిగేవారిని కేకేసి అడగడం, వారు బదులు పలకడం ఆ యింట నిత్యవిధి అయిపోయింది. నిజానికి ఎక్కడి స్విచ్చుతోనైనా వేసుకొని, ఎక్కడి స్విచ్చుతోనైనా ఆపుకోవలసిన ఏర్పాటు అది. పై స్విచ్చులో రెండు వైర్లు తారుమారయ్యాయని అల్లుడు చూడగానే గ్రహించాడు.

ఆ ఉదయం అల్లుడు భార్యతో వచ్చేసరికి మామగారు నడకకు వెళ్ళారు. అత్తగారు బట్టలు ఉతుకుతున్నారు. అల్లుడు మెయిన్ ఆపి, పై స్విచ్చు విప్పి, వైర్లు సరిచేసి, తిరిగి బిగించాడు. కింద నొక్కితే వెలిగింది, పైన ఎత్తితే ఆరింది, మళ్ళీ కింద ఎత్తితే మళ్ళీ వెలిగింది. ఆనందం పట్టలేకపోయాడు గాని, భోజనాల వేళ అందరినీ ఆశ్చర్యపరుద్దామని దీపం ఆపి, మౌనం వహించాడు. ఆ మౌనమే కొంప ముంచింది.

అత్తగారు తడిబట్టలు భుజాన వేసుకొని, కింది స్విచ్చు నొక్కి మేడ ఎక్కారు. పైకి చేరగానే అలవాటు చొప్పున పై స్విచ్చు ఎత్తేశారు. దీపం ఆరింది. అంతలో మామగారు వచ్చి, కింది స్విచ్చు నొక్కి ఉండటం చూసి, "అజాగ్రత్త!" అని గొణుగుతూ దానినీ ఎత్తేశారు.

దీపం భగ్గున వెలిగింది.

"ఏమేవ్! పైన స్విచ్చు ఆపావా?"

"ఎప్పుడో ఆపాను!"

"నేనూ ఆపాను. మరి వెలుగుతోందేం?"

"ఉండండి, చూస్తాను... ఇప్పుడు?"

"ఆరింది! ఏం చేశావ్?"

"వేశాను!"

"వేస్తే ఆరడమేమిటే?"

"నన్నడుగుతారేం? ఇల్లు కట్టించింది మీరు!"

మామగారు గోడ మీది చేయి చటుక్కున తీసేశారు. రెండు చోట్లా ఆపినా దీపం వెలుగుతోందంటే, కరెంటు వైర్లు వదిలి గోడల్లోకి కారుతోందని తీర్మానించారు. "ఎవరూ గోడ ముట్టుకోకండి! ఏమేవ్, ఆ తడిబట్టలతో అడుగు కదిపావో, నీ ఇష్టం!" అని అరిచి మెయిన్ ఆపేశారు. వంటింట్లో కరెంటు కుక్కర్ చల్లబడింది, అన్నం సగం ఉడికి నిలిచిపోయింది.

"కదలకుండా ఎంతసేపు నిలబడమంటారు? నేనేమైనా బొమ్మనా?" అని చీకట్లోంచి అత్తగారు.

కేకలు విని పక్కింటాయన కిటికీలోంచి తొంగిచూశాడు. గోడల్లోకి కరెంటు దిగిందన్న మాట చెవిన పడగానే, రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఉమ్మడి గోడ అని ఆయనకు జ్ఞప్తికి వచ్చింది. పరుగెత్తి తన మెయిన్ ఆపి, ఆ పక్కవారిని హెచ్చరించాడు. వారు ఆ పైవారిని హెచ్చరించారు. కాసేపటికి వీధి వీధంతా కుర్చీలు బయట వేసుకొని విసనకర్రలతో కూర్చుంది. దర్జీ సగం కుట్టిన చొక్కాతో, మంగలి దుకాణంలోని పెద్దమనిషి సగం గీసిన గడ్డంతో నడివీధిలో నిలబడ్డారు.

"ఇది కాపురానికి పనికొచ్చే ఇల్లు కాదు. పై వాటాకి తాళం వేసేస్తాను. మా అమ్మాయి ప్రాణం నాకు ముఖ్యం" అన్నారు మామగారు.

అల్లుడు ముందుకు వచ్చాడు. "మామగారూ, అసలు సంగతేమిటంటే..." అనబోతుండగా భార్య చేయి గిల్లి వంటింట్లోకి లాక్కుపోయింది.

"మీరేనా?"

"నేనే. కానీ బాగుచేశాను! ఇన్నాళ్ళూ ఉన్నదే తప్పు."

"ఆ వైర్లు బిగించింది ఎవరో తెలుసా? నాన్నే, స్వయంగా! వెళ్ళి ఆ తప్పు మాట ఆయనతో అనండి. పై వాటా మాట దేవుడెరుగు, కింద గుమ్మం కూడా ఎక్కనివ్వరు."

"మరేం చెయ్యమంటావ్?"

"మునుపు ఎలా ఉండేదో మళ్ళీ అలాగే పాడుచేసెయ్యండి."

అల్లుడు బయటికి వచ్చి, "నేను చూస్తాను మామగారూ" అన్నాడు. మామగారు కంట తడి పెట్టి, తన రబ్బరు చెప్పులు తొడిగించి, కాళ్ళకింద వేసుకోవడానికి ఒక చెక్కపీట ఇచ్చి, యుద్ధానికి పంపినట్లు పంపారు. చుక్క కరెంటు లేని ఇంట్లో ఆ వీరుడు టార్చిలైటు పట్టుకొని, పీట చంకనబెట్టుకొని మెట్లెక్కాడు.

"నాయనా, కదలొచ్చా?" అన్నారు అత్తగారు.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ."

పరీక్షలో ఏ విద్యార్థి వైరింగు పటం ఇలా గీసినా తాను సున్న వేసేవాడు. నిట్టూర్చి, రెండు వైర్లనూ మళ్ళీ తారుమారు చేసి బిగించాడు.

మెయిన్ వేశారు. రెండు స్విచ్చులూ ఎత్తారు, దీపం వెలగలేదు. ఒకటి నొక్కారు, వెలగలేదు. రెండూ నొక్కారు, వెలిగింది. వీధి చప్పట్లతో మారుమోగింది. అత్తగారు తడిబట్టలు అక్కడే పడేసి, గబగబా దిగివచ్చి అల్లుడికి దిష్టి తీశారు.

మామగారు అల్లుణ్ణి కౌగిలించుకొన్నారు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని పుస్తకాల పురుగనుకొన్నానండీ. నేను బిగించిన వైరింగును అర్థం చేసుకొన్న మొనగాడు మీరొక్కరే! పై వాటా మీదే. ఇవాళే సామాను తెచ్చుకోండి."

అల్లుడు తలవంచుకొన్నాడు. దానిని అందరూ వినయమనుకొన్నారు. భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది.

అంతలో పక్కింటాయన రొప్పుతూ వచ్చాడు. "బాబూ, ఇంటికెళ్ళి చూసుకొన్నాను. మా మెట్ల దీపానికీ ఇదే జబ్బు! రెండు స్విచ్చులూ ఎత్తితే వెలుగుతోంది. ఇన్నేళ్ళూ గమనించనే లేదు. పుణ్యముంటుంది, దాన్నీ కాస్త బాగుచేసి పెట్టు."

"అదేం కాదండీ, మీది సరిగ్గానే..." అని అల్లుడు నోరు తెరిచాడు.

"వెళ్ళిరండి అల్లుడుగారూ, చేతనైన విద్య నలుగురికీ ఉపయోగపడాలి" అని మామగారు చెక్కపీట మళ్ళీ చేతికిచ్చారు.

ఈ కథ చదివినవారికీ, విన్నవారికీ భగవంతుడు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. వారి యింటి దీపాలు ఎప్పుడైనా సరిగ్గా వెలిగితే, ఆ సంగతి మామగారి కంట పడకుండుగాక.