నిదానమ్మ ఓటూ, సగం కాలవా

ఒక పెద్ద అడవిలో, మన వైపు అడవి కాదు లెండి, ఏడు సముద్రాల అవతలి అమెరికా అడవిలో, నాలుగేళ్ళకోసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. సింహానికి అక్కడ పని లేదు. ఉన్నవి రెండే గుంపులు, ఏనుగులదొకటి, గాడిదలదొకటి. పులిగా పుట్టినా పిల్లిగా పుట్టినా ఈ రెంటిలో ఏదో ఒకదాని వెనక నిలబడాల్సిందే.

ఆ అడవిలో యాభై తోపులుండేవి. ఓట్ల లెక్క మాత్రం చిత్రంగా ఉండేది. ఒక తోపులో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ తోపంతా వాళ్ళదే, ఓడినవాళ్ళ ఓట్లు గాలికి పోయినట్టే. ఈ నియమం ఎవరు పెట్టారయ్యా అంటే తాతలు పెట్టారనేవారు. ఎందుకు పెట్టారంటే ఆ తాతల్నే అడగమనేవారు.

నలభై తొమ్మిది తోపులు ఎటో ఒకవైపు ఎప్పుడో తేల్చేసుకున్నాయి. ఏనుగుల తోపులో పుట్టిన జింకపిల్ల కళ్ళు తెరవకముందే ఏనుగుకు జై కొట్టేది. గాడిదల తోపులోనూ అదే వరస. చిన్నా పెద్దా తోపుల బలమంతా కలిపి చూస్తే రెండు గుంపులకూ సరిసమానం. మిగిలింది నడిమి తోపు. అందులోనూ సగంమంది అటు, సగంమంది ఇటు. ఎటూ కానిది ఒకే ఒక్క ప్రాణి, నిదానమ్మ అనే తాబేలు.

నిదానమ్మ మొదటిసారి ఓటు వెయ్యబోయేనాటికి ఆమెకు ఇరవయ్యేళ్ళు. అప్పటి ఏనుగు అభ్యర్థి వచ్చి, ఎవరికి వేస్తావమ్మాయ్ అని అడిగాడు. తాబేలు కదా, నోట్లోంచి మాట రావడానికే పూట పడుతుంది. "ఇంకా ఆలోచిస్తున్నానండీ" అంది. అందులో రాజకీయం ఏమీ లేదు. అయినా ఏనుగుకు చెమటలు పట్టాయి. మర్నాడే ఒక బండెడు గుమ్మడికాయలు పంపాడు. అది విని గాడిద రెండు బండ్లు పంపాడు.

అన్ని గుమ్మడికాయలు ఒక్క తాబేలు తినగలదా? తోపంతా తిన్నది. తిన్నాక తోపుకు బుద్ధి వికసించింది. తోపు పెద్ద ఎలుగుబంటి భల్లప్ప ఆ సాయంత్రమే నిదానమ్మ దగ్గరికొచ్చి, ఈ ఆలోచనేదో నిండు నూరేళ్ళూ చేసుకోమనీ, తేల్చేసిందంటే తమ తోపు ముఖం చూసేవాడు ఉండడనీ బతిమాలాడు. భల్లప్ప పోయాక అతని కొడుకు, కొడుకు పోయాక మనవడు, ఇదే మాట చెప్పుకుంటూ వచ్చారు. నిదానమ్మ ఆలోచిస్తూనే ఉంది. పోలింగునాడు ఎవరికి వేసేదో ఎవరికీ చెప్పేది కాదు, ఆ సంగతి ఆమెకే సరిగ్గా గుర్తుండేది కాదు.

ఇలా ఎందరు అధ్యక్షులు వచ్చి వెళ్ళారో. ఒకాయన చందమామ మీదికి కుందేలును పంపాడు. అక్కడ ఎప్పటినుంచో ఒక కుందేలుందని మన పిల్లల్నడిగినా చెప్పేవారు, ఆయన అడగలేదు. ఒకాయన ఎక్కడో పరాయి చెరువులో బాతులకు స్వేచ్ఛ ఇచ్చి రమ్మని తోడేళ్ళను పంపాడు. బాతులు చెరువు మధ్యకు పోయాయి. తోడేళ్ళు ఇరవయ్యేళ్ళు గట్టున కూచుని, గెలిచామని చెప్పి తిరిగొచ్చాయి. ఒక గాడిద అందరికీ మూలికలు ఉచితమన్నాడు. తరవాతి ఏనుగు అవి తీసేసి, అంతకంటే మంచివి రెండు వారాల్లో వస్తాయన్నాడు. ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు. ఇంకొకాయన దక్షిణపు కుందేళ్ళు రాకుండా గోడ కట్టాడు. నేల తవ్వడమే కుందేళ్ళ కులవృత్తి అని ఆయనకెవరూ చెప్పలేదు పాపం.

నిదానమ్మకు ఇవేవీ అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, తన చెరువులో నీళ్ళు. ఆ చెరువు ఏటికేడాది చిక్కిపోతోంది. కోసు దూరంలో పెద్ద నది ఉంది. నది నుంచి చెరువుకు ఒక కాలవ తవ్వితే చాలు.

కాలవ తవ్విస్తామనని అభ్యర్థి లేడు. మొదట ఒక ఏనుగు నది వైపు నుంచి సగం తవ్వించాడు. పూర్తి చేస్తే మళ్ళీ ఓటు అడగడానికి ఏం మిగులుతుందని, తక్కిన సగం రెండో విడతలో అన్నాడు. రెండోసారీ గెలిచాడు. మూడోసారి నిలబడకూడదన్నది ఆ అడవి చట్టం. ఇక ఆమె ఓటుతో పనేముంది? పార పక్కన పడేసి ఆత్మకథ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత వచ్చిన గాడిద, అది ఏనుగుల కాలవ అని పూడ్పించేసి, చెరువు వైపు నుంచి తన సగం తవ్వించాడు. ఆయన తరవాతి ఏనుగు దాన్ని పూడ్పించాడు. అరవయ్యేళ్ళలో ఆ కాలవను ఏడుసార్లు సగం తవ్వారు, ఏడుసార్లు పూడ్చారు. రెండు సగాలూ ఒకేసారి ఉన్న రోజు మాత్రం నిదానమ్మ చూడలేదు.

ఆ ఏడాది వానలు బొత్తిగా లేవు. చెరువులో మునిగినా నిదానమ్మ వీపు బయటే ఉండేది. వచ్చే ఎండాకాలం దాటనని ఆమెకు తెలిసిపోయింది. భయం వేసింది. అరవయ్యేళ్ళుగా ఆలోచిస్తున్నానని చెప్పిన తాబేలు అప్పుడు నిజంగా ఆలోచించింది.

ముందు ఏనుగు అభ్యర్థికి కబురు పెట్టింది. అతను వచ్చి తొండం ముడిచి కూచున్నాడు.

"బాబూ, గెలిచాక తవ్వేవాళ్ళను చాలామందిని చూశాను. గెలవకముందే తవ్వేవాణ్ణి ఒక్కణ్ణి చూసి కన్ను మూయాలని ఉంది" అంది నిదానమ్మ.

"అదెంత పని అవ్వా. ఎటు నుంచి తవ్వమంటావు?"

"నువ్వు నది వైపు చూసుకో. గాడిదబాబు చెరువు వైపు మొదలుపెడతానంటున్నాడు మరి."

ఏనుగు పరిగెత్తాడు. ఆ మధ్యాహ్నమే నిదానమ్మ గాడిదను పిలిచి, అవే మాటలు చెప్పి, చెరువు వైపు అప్పగించింది. ఎదుటివాడి సగం పూడ్చడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే అడవికి వార్తలు మోసే కాకమ్మ రోజూ కొమ్మ కొమ్మకూ ఎగురుతూ ఎవరెన్ని బారలు తవ్వారో అడవంతా చాటేది. ఒక్క పూట పార దించితే వెనకబడ్డాడనే పేరు. గెలుపు కోసం వాళ్ళు ఎన్ని అబద్ధాలైనా ఆడగలరు గానీ, అంతలా చెమటోడ్చడం అడవి చరిత్రలో అదే మొదలు.

పోలింగుకు ముందు రోజు మిట్టమధ్యాహ్నం రెండు సగాలూ కలిశాయి. ఏనుగూ గాడిదా బురదలో ఎదురెదురుగా నిలబడి, ఈ కాలవ నాదంటే నాదని తిట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ మొదటి తిట్టు పూర్తయ్యేలోపే నీళ్ళు వచ్చి ఇద్దర్నీ బోర్లా పడేసి చెరువులోకి దూకాయి.

నిదానమ్మ చెరువు అడుగు దాకా మునిగింది. మళ్ళీ పైకి తేలింది. మళ్ళీ మునిగింది. ఆ సంతోషంలో ఉండగా కాకమ్మ గట్టున వాలి, నాలుగేళ్ళకోసారి అడిగే ప్రశ్నే అడిగింది, ఓటు ఎవరికని. కడుపు నిండా నీళ్ళున్నప్పుడు మనసులో మాట దాగదు. అరవయ్యేళ్ళుగా మోస్తున్న బరువాయె.

"తేలిపోయిందే కాకమ్మా. ఇక నా ప్రాణం ఉన్నంతకాలం ఆ గుంపుకే వేస్తాను" అని పేరు చెప్పేసింది.

ఆ పేరు నేను చెప్పను. నాకు రెండు గుంపుల్లోనూ చుట్టాలున్నారు.

సంగతి విని భల్లప్ప మనవడు చెరువు గట్టున తల పట్టుకుని కూలబడ్డాడు. నిదానమ్మకు మాత్రం హాయిగా ఉంది. మర్నాడు వెళ్ళి, చెప్పినవాళ్ళకే ఓటేసింది. ఆమె కోరిన గుంపే గెలిచింది కూడాను.

కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసి గద్దె మీద కూచోగానే, కార్యదర్శి నక్క కాగితాలు పట్టుకొచ్చాడు. ఉత్తరాన రాళ్ళ తోపు అని ఉంది, అక్కడ ఈసారి ఓట్లు దాదాపు సరిసమానంగా చీలాయి, ఒక నత్త మాత్రం వచ్చేసారి సంగతి చూద్దాం అంటున్నాడు, అని చెప్పాడు.

"అయితే అతనికేదైనా ఇవ్వాలిగా. ఏముంది మన దగ్గర?"

"నిదానమ్మ కాలవ ఉందండి. అటు తిప్పేద్దాం."

"మన ముసలమ్మే కదయ్యా ఆమె."

"మనదే కనక ఎక్కడికీ పోదండి. మనదాన్ని మళ్ళీ కొనుక్కోవడం దేనికి?"

అధ్యక్షుడికి ఇందులో తప్పేమీ కనపడలేదు. రాళ్ళ తోపు దూరమే అయినా, పారలు పట్టడం అలవాటైన గుంపు కావడం వల్ల పని చకచకా సాగింది. నెల తిరగకుండా నీళ్ళు అటు మళ్ళాయి. చెరువు మళ్ళీ బురదగుంట అయింది. నిదానమ్మ తన గుంపు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంటే, మనవాళ్ళే ఓర్చుకోకపోతే ఎలా అవ్వా అన్నారు. రెండో గుంపు దగ్గరికి వెళ్తే, మీవాళ్ళనే అడగమన్నారు. తోపులో అయితే పలకరించేవాడే లేడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఒక పూటంతా ఏడ్చింది. తాబేలు కన్నీళ్ళతో చెరువు నిండదు కదా, ఏడవడం మానేసి, నీళ్ళు ఎటు పోయాయో అటే బయల్దేరింది. కాలవ గట్టున నడుస్తూ, అలిసినచోట నీళ్ళలో దిగుతూ, దారిలో కనపడ్డ కప్పలకు పాత అధ్యక్షుల కథలు చెబుతూ, మూడేళ్ళ పదినెలలు ప్రయాణం చేసింది. చెబితే నమ్మరు గానీ, ఆ ప్రయాణంలో ఆమె కాస్త లావెక్కింది కూడా.

రాళ్ళ తోపు చేరేసరికి మళ్ళీ ఎన్నికల రోజులు. కాలవ చివర చక్కటి మడుగు ఏర్పడింది. నిదానమ్మ అందులో దిగి, ముక్కు వరకూ మునిగి, అమ్మయ్య అనుకుంది. ఇంతలో గట్టు మీద మాటలు వినిపించాయి. నత్త ఒక రాతి మీద కూచుని ఉన్నాడు. ఎదురుగా కాకమ్మ.

"కాలవ తెచ్చినవాళ్ళను ఎలా మరిచిపోతానండీ. నా మనసు నిజంగా తేలిపోయింది" అంటున్నాడు నత్త, కళ్ళనీళ్ళ పర్యంతమై. "రాసుకోండి, నా ఓటు..."

నిదానమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరిగెత్తింది. గట్టెక్కి, నత్త నోటికి తన చెయ్యి అడ్డం పెట్టేసింది.

"అబ్బాయి ఇంకా ఆలోచిస్తున్నాడని రాసుకోవే" అంది కాకమ్మతో. కాకమ్మ ఎగిరిపోయాక చెయ్యి తీసింది.

"నిజంగానే తేలిపోయింది అవ్వా" అన్నాడు నత్త అమాయకంగా.

"తేలితే తేలింది నాయనా, పైకి అనకు. నేనిప్పుడే నీళ్ళలో దిగాను."

నీతి: మనసు తేల్చుకున్నవాడికి ఉపన్యాసాలు, తేల్చుకోనివాడికి నీళ్ళు.