ముప్పై రెండో కిలోమీటరు దగ్గర పంక్తి

ఆ ఆదివారం ఉదయానికి విజయ్ పాల్ వేసుకున్న పథకంలో ఉన్నదల్లా ఒక్క అరటిపండు. ముప్పై రెండో కిలోమీటరు దగ్గర దాన్ని సత్యకుమారి టీచరు చేతిలో పెట్టాలి, రెండు మంచి మాటలు చెప్పాలి. అంతే.

పోస్టాఫీసులో రిటైరైన విజయ్ పాల్‌కూ, బడిపంతులమ్మ సత్యకుమారికీ రావులపాలెం కాలువ గట్టు మీద పరుగుల్లోనే పరిచయం. భార్య కృపారాణి పోయాక తెల్లవారుజాములు ఆయనకు మరీ పొడుగ్గా తోచేవి. గట్టు మీద ఒక మనిషి ఆయాసపడుతూ "ఇంకా ఎంతుందండి, అన్నయ్యగారూ?" అని అడగడం మొదలయ్యాక అవి మామూలు పొడవుకు వచ్చాయి.

పోయిన ఏడాది మారథాన్‌లో ఆవిడ నలభై రెండు కిలోమీటర్లూ పూర్తిచేసింది. కాని అప్పటికి ఆరు గంటల గడువు దాటి నాలుగు నిమిషాలైంది. ముగింపు తోరణం విప్పేస్తున్నారు. మెడల్ ఇవ్వలేదు. క్లాసులో పిల్లలు చూపించమంటే ఇంట్లో మర్చిపోయానని ఏడాది పొడుగునా చెప్పుకొచ్చింది. ఈసారి మర్చిపోవడానికి వీల్లేదు.

ఇద్దరూ కలిసి పరుగెత్తాలనే అనుకున్నారు. పది రోజుల ముందు తడి గట్టు మీద జారి విజయ్ పాల్ చీలమండ బెణికింది. ఇక ఆయనకు మిగిలింది ఉత్సాహపరచడమే. ముప్పై రెండో కిలోమీటరు ఆత్రేయపురం అవతల, పాత స్నేహితుడు అబ్బులు ఇంటి ముందే పడింది. ముందురోజు ఆయనకు ఫోన్ చేశాడు.

"ఒక్క అరటిపండు చాలండి. నేను సమయానికి రాలేకపోతే టీచరుగారికి మీరు ఇచ్చేయండి."

"ఆవిడొక్కరే వస్తారాండి?"

"ముందు ఇంకో ముప్పైమంది దాకా ఉంటారండి."

ఈ చివరి మాట ఆయన చెప్పకుండా ఉండవలసింది.

అబ్బులు ఫోన్ పెట్టేసి భార్య రామతులసి వంక చూశాడు. ఇంటి ముందు నుంచి ముప్పైమంది వెళుతుంటే ఒకరికి పెట్టి మిగతావారిని ఊరికే పంపడమంటే పంక్తిలో భేదం చూపడమే. మూడు తరాలుగా ఆ ఇంట జరగని పని. అందులోనూ టిఫిన్ వేళ మనిషికో అరటిపండు పెట్టి పంపితే రేపు వీధిలో తలెత్తుకుని తిరగగలమా అని రామతులసి అడిగింది. పెసలు నానబోశారు. సంగతి విన్న పక్కింటివాళ్ళు పూతరేకులు తమ వంతన్నారు. ఎదురింట్లో పెళ్ళి జరిగి రెండు రోజులే అయింది. షామియానా ఇంకా విప్పలేదు, సన్నాయివాళ్ళు ఇంకా ఊరు వెళ్ళలేదు. రెండూ గట్టు మీదికి వచ్చాయి.

అందరికన్నా ముందు పరుగెత్తుతున్న కుర్రాడు ఏడుంపావుకి అక్కడికి చేరాడు. పైవూరివాడు. షామియానా చూసి, ఇది కూడా నిర్వాహకుల ఏర్పాటే అనుకున్నాడు. కాళ్ళకు నీళ్ళిచ్చారు, కూర్చోబెట్టారు, ఆకు వేశారు. ఆకు వేశాక లేవకూడదని రామతులసి నెమ్మదిగా చెప్పింది. మూడో పెసరట్టు ఉప్మా అయ్యేసరికి లేవకూడదన్న నియమం అక్కర్లేకుండా పోయింది. రెండోవాడు వచ్చి, మొదటివాడు కూర్చుని ఉండడం చూసి, తొందరపడవలసిన అవసరం లేదని గ్రహించాడు. ఆ వెనక వచ్చినవాళ్ళందరూ అలాగే గ్రహించారు.

రావులపాలెంలో తోరణం కింద నిలబడ్డ నిర్వాహకుడు సురేంద్ర ఫోన్‌లో పరుగెత్తేవాళ్ళు ఎక్కడున్నారో చూపే చుక్కలు చూసుకుంటున్నాడు. చుక్కలన్నీ ఒక్కచోటికి చేరి కదలడం మానేశాయి. ఏదో ఘోరం జరిగిందని అంబులెన్స్ పంపాడు. అంబులెన్స్ తిరిగి రాలేదు. సంగతి కనుక్కోమని జీపు పంపాడు. జీపూ రాలేదు.

పావుతక్కువ తొమ్మిదికి విజయ్ పాల్ స్కూటరు మీద వచ్చేసరికి పచ్చచొక్కాల పరుగువాళ్ళు, అంబులెన్స్, జీపు డ్రైవర్లతో సహా ముప్పై ఒక్కమంది, బారుగా కూర్చుని ఉన్నారు.

"అబ్బులుగారూ, నేనడిగింది ఒక్క అరటిపండండి."

"పెట్టామండి," అన్నాడు అబ్బులు నొచ్చుకుంటూ. "ఆకుల చివర చూడండి. ఎవరికీ తక్కువ చెయ్యలేదు."

టీచరుగారిని మాత్రం ఆపొద్దని, ఆవిడకు గంటన్నరే ఉందని విజయ్ పాల్ బతిమాలుకున్నాడు. అబ్బులు మొహం వాడిపోయింది. ఎవరి పేరు చెప్పి ఇంతమందినీ కూర్చోబెట్టారో ఆ మనిషినే ఉపవాసం పంపమంటే ఎలాగని ఆయన బాధ.

ఇంతలో సన్నాయి జోరందుకుంది. గట్టు మలుపులో, అందరికన్నా వెనక, సత్యకుమారి కనిపించింది. రామతులసి దండ పట్టుకుని, పదిమంది ఆడవాళ్ళతో దారికి అడ్డంగా నిలబడింది. ఆగవద్దని విజయ్ పాల్ కుంటుకుంటూ అరిచిన అరుపు డోలు చప్పుడులో కలిసిపోయింది.

ఆవిడ షామియానా చూసింది. ఖాళీగా ఉన్న ముప్పై రెండో ఆకు చూసింది. అల్లం పచ్చడి వాసన తగిలింది కాబోలు, అడుగు నెమ్మదించింది. విజయ్ పాల్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ పుట్టింది మొగల్తూరులో. వేసిన ఆకు వద్దంటే అవమానమనీ, కూర్చుంటే ఇక లేవడం ఉండదనీ తెలిసిన మనిషి. రెండు చేతులూ జోడించింది.

"ఆకు అలాగే ఉంచండి వదినగారూ. వచ్చేటప్పుడు తింటాను."

ఈ మాటకు గోదావరి రెండు గట్ల మీదా ఎదురుమాట లేదు. రామతులసి పక్కకు జరిగింది. ఆడవాళ్ళు దారిచ్చారు. విజయ్ పాల్ అరటిపండు అందించి, బెణికిన కాలితోనే పాతిక అడుగులు వెంట పరుగెత్తాడు. అనుకున్న రెండు మంచి మాటలూ గుర్తురాలేదు. "పదండి, పదండి," అన్నాడు. ఆవిడ నవ్వింది. అడుగు మళ్ళీ అందుకుంది.

గడువుకు ఆరు నిమిషాల ముందు ఆవిడ తోరణం దాటింది. సురేంద్ర ఆవిడ వెనక రోడ్డంతా వెతికాడు. "మిగతావాళ్ళేరండి?"

"టిఫిన్ దగ్గరున్నారండి."

మెడల్‌తో పాటు మొదటి బహుమతి కప్పు కూడా ఆవిడకే ఇవ్వవలసి వచ్చింది. కప్పు, స్కూటరు మీద ముందే వచ్చి నిలబడ్డ విజయ్ పాల్‌ని పట్టుకోమంది. మెడల్‌ని మాత్రం, రేపు బడికి తీసుకెళ్ళడం మర్చిపోతానేమోనన్నట్టు, పిడికిట్లోంచి వదల్లేదు. అప్పుడే విజయ్ పాల్ ఫోన్ మోగింది. అబ్బులు. ఆకు వేసే ఉందని, పెనం ఇంకా దించలేదని, ఆవిడ బయల్దేరారా అని అడుగుతున్నాడు.

వెనక్కి ఆ పది కిలోమీటర్లూ ఆవిడ స్కూటరు మీదే వెళ్ళింది.